ఒక్క పూట టైర్లు

బస్సు డిపోలో చెవి మేస్త్రి అంటే తెలియనివాళ్ళు లేరు. ముప్పై ఒక్క ఏళ్ళపాటు రోజూ పొద్దున్నే ఇనప కడ్డీ పట్టుకుని, బయలుదేరబోయే ప్రతి బస్సు చుట్టూ తిరిగి టైర్లను కొట్టి చూడటమే ఆయన ఉద్యోగం. ఠంగుమంటే గాలి సరిపోయినట్టు, డుబ్బుమంటే తగ్గినట్టు. ఎవరెంత తొందరపెట్టినా ఆయన చెవి ఒప్పుకోనిదే బస్సు గేటు దాటేది కాదు. "ఏం మేస్త్రీ, టైరు ఏమంటోంది?" అని డ్రైవర్లు వేళాకోళం చేస్తే, "నిన్ను దిగి నడిచి పొమ్మంటోంది" అనేవాడు.

ఆయన ఘనతంతా ఒక్కటే, టైరు చేత ఎక్కువకాలం పని చేయించడం. ముందువి వెనక్కి, ఎడమవి కుడికి మార్చి మార్చి, వేరే డిపోల్లో ఏడాదికే మూలపడే టైరును రెండేళ్ళు లాగించేవాడు. ఇంట్లోనూ అదే తీరు. సోఫా ఒక పక్కే కుంగుతోందని నెలకోసారి అందరి చోట్లూ మార్చేవాడు. "ఏవండీ, నేనేమన్నా మీ బస్సు చక్రాన్నా?" అని భార్య విసుక్కుంటూనే లేచి పక్కకి జరిగేది.

అలాంటాయనకి వేగం తప్ప ఇంకేమీ పట్టని కూతురు పుట్టింది. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. వారమంతా "కదలకండి, ఊపిరి బిగబట్టండి" అని అందరికీ చెప్పీ చెప్పీ, సెలవు రోజున తను మాత్రం రేసు కారెక్కి ఎదుటివాళ్ళ ఊపిరి బిగబట్టిస్తుంది. ఆ కారుకి పైకప్పు ఉండదు, సీటు ఒక్కటే. నాలుగు చక్రాలూ మీద రేకైనా లేకుండా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు మేస్త్రి, "మిగతా కారు ఎప్పుడు తెస్తారు?" అని అడిగాడు. కానీ టైర్లు అలా కళ్ళెదుటే కనిపించేసరికి మనసు లాగింది. రిటైరై ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్న మనిషి కదా! "నాన్నా, టైర్ల సంగతి నువ్వు చూసుకో" అని కూతురు అనగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

ఉద్యోగాలు చేసుకుంటూ సరదాకి పందేలాడేవాళ్ళ క్లబ్బు అది. సరదాకే అయినా చోటు దొరకడం గగనం. పదహారు కార్లకే అనుమతి. ఏడాది చివర పట్టికలో ఆఖరి ముగ్గురి పేర్లూ కొట్టేసి, బయట కాచుకుని ఉన్నవాళ్ళను తీసుకుంటారు. ఇంకో నియమం కూడా ఉంది. పందెం రోజు సరిగ్గా పదకొండు గంటలకు క్లబ్బువాళ్ళు వచ్చి టైర్ల పక్కన పసుపు రంగు పూసిపోతారు. రంగు పడ్డాక ఆ నాలుగూ తప్ప వేరేవి వేయకూడదు. మెత్తటి రకమా, గట్టి రకమా అన్నది ఆలోపే తేల్చుకోవాలి.

మేస్త్రి ఏడాదంతా గట్టివే వేయించాడు. బొటనవేలి గోరు గుచ్చి చూడటం, గోరు దిగని టైరుకే సై అనడం. "చూశావా తల్లీ, ఐదు పందేలైనా చెక్కు చెదరలేదు!" అని మురిసిపోయేవాడు. టైర్లకేం, దివ్యంగా ఉన్నాయి. అమ్మాయే ప్రతి మలుపులోనూ సబ్బు నీళ్ళ మీద కాలేసినట్టు జారిపోయేది. ఒకసారైతే గిర్రున మూడు చుట్లు తిరిగి గడ్డిలో పడింది. మేస్త్రి రోడ్డుని తిట్టాడు, ఇంజన్ని తిట్టాడు, ఎండ చాల్లేదన్నాడు. టైర్లని మాత్రం ఎవర్నీ పల్లెత్తు మాట అననివ్వలేదు.

చివరి పందెం వచ్చేసరికి అమ్మాయి పట్టికలో పద్నాలుగో స్థానానికి దిగింది. ఈసారి కనీసం పదోదిగా వస్తే పేరుంటుంది, లేదంటే ఇక కారు షెడ్డులో పెట్టుకుని చూసుకోవడమే. ఆ వారమంతా కూతురు డ్యూటీ నుంచి వస్తూనే షెడ్డులోకి వెళ్ళి కారు తుడుచుకుంటూ కూర్చుంది. అది చూసి మేస్త్రికి గుండె కలుక్కుమంది.

పందెం రోజు పొద్దున ఆయన అక్కడ టైర్లు అమ్మే వ్యాను దగ్గరికి వెళ్ళాడు. వ్యాను నడిపే ఆవిడ మొహమాటం లేని మనిషి.

"ఇవాళ కూడా గట్టివేనా, బాబాయ్ గారూ?"

"అవునమ్మా. కాస్త మన్నాలి కదా."

"ఎంత దూరం మన్నాలేంటి?"

ఇరవై రౌండ్లు, రౌండుకి మూడు కిలోమీటర్లు. "అరవై" అన్నాడు మేస్త్రి.

"అరవై వేలా?"

"ఉత్త అరవయ్యే."

తన నోటితో తను అన్న మాట వినగానే మేస్త్రి నాలుక కరుచుకున్నాడు. ఆవిడ నవ్వలేదు, అదొక్కటే నయం.

"మీ బస్సు పది టన్నులు. ఆ బరువుకి ఎంత గట్టి టైరైనా వేడెక్కి రోడ్డుని పట్టుకుంటుంది. మీ అమ్మాయి బండి నిండా నాలుగు వందల కిలోలుంటే గొప్ప. దాని కింద గట్టి టైరు వేడెక్కేలోపు పందెమే అయిపోతుంది. చల్లటి టైరు జారక ఏం చేస్తుంది చెప్పండి?" అంటూ మెత్తటి టైరొకటి ముందుకి దొర్లించింది.

గోరు గుచ్చితే ఇట్టే దిగింది. "ఇది అరవై కిలోమీటర్లకి ఏమవుతుంది?"

"పోతుంది. ఆఖరి మూడు రౌండ్లు అమ్మాయి కాస్త చూసుకుని నడపాలి."

మేస్త్రి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దారిలో పోయే టైరని తెలిసీ మనిషిని పంపడమా? డిపోలో అలా చేసి ఉంటే ఉద్యోగం ఊడేది. అందులోనూ ఎక్కబోయేది కన్నకూతురు. గడియారం చూస్తే పది నలభై.

కారు పక్కన కూతురు బూట్ల లేసులు కట్టుకుంటోంది. భార్య మడత కుర్చీలో గొడుగేసుకుని కూర్చుంది. మేస్త్రి వెళ్ళి ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

"తల్లీ, ఇన్నాళ్ళూ టైరు బాగుండాలని టైరు ఎంచాను గానీ, నువ్వు బాగుండాలని ఎంచలేదు. నువ్వు గడ్డిలో పడింది నా వల్లే."

కూతురు తలెత్తలేదు. "తెలుసు నాన్నా."

"తెలుసా! ఎప్పట్నుంచి?"

"మూడో పందెం నుంచి."

"మరి చెప్పొచ్చు కదే!"

"ఆ టైర్లని చూసుకుని నువ్వంత సంబరపడుతుంటే ఎలా చెప్పను?"

"నేను చెప్పేస్తానన్నానండీ. ఇదే ససేమిరా అంది" అని భార్య అందుకుంది.

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ఇంత కష్టపడి తెచ్చుకున్న చోటు పోయినా సరే, తండ్రి మనసు మాత్రం కష్టపెట్టకూడదనుకుంది ఈ పిచ్చిపిల్ల! కళ్ళు తుడుచుకుని లేచాడు.

"మెత్తవే వేయిస్తాను. ఆఖర్లో చేతులెత్తేస్తాయట. భయపడకూడదు మరి."

"నేను భయపడను. నువ్వో?"

"నేను ఇప్పట్నుంచే భయపడుతున్నా."

పదకొండు కొట్టేసరికి మెత్తటి టైర్ల మీద పసుపు రంగు పడింది.

మధ్యాహ్నం జెండా ఊపగానే ఆ కారు అమ్మాయి చెప్పిన మాట విన్నది, ఏడాదిలో మొదటిసారి. మలుపు మలుపుకీ రోడ్డుకి అతుక్కుపోయి, ఒక్కొక్కర్నే దాటుకుంటూ పదో రౌండుకల్లా ఎనిమిదో స్థానానికి వచ్చింది. మేస్త్రి ఊపిరి పీల్చుకున్నాడు. పద్దెనిమిదో రౌండులో వెనక చక్రాలు పక్కకి ఈడ్చాయి. ఆయన కంచె దగ్గరికి పరిగెత్తాడు. ఇద్దరు దాటేశారు. ఇప్పుడు అమ్మాయి పదోది. వెనకనే ఆకుపచ్చ కారొకటి ముక్కు దూర్చడానికి సందు వెతుకుతోంది.

కాస్త వెనక్కి తగ్గితే హాయిగా ఇల్లు చేరుతుంది, చోటు మాత్రం పోతుంది. ముప్పై ఒక్క ఏళ్ళు కనిపించిన ప్రతి డ్రైవరుకీ మెల్లిగా పొమ్మని చెప్పిన మేస్త్రి కంచె పట్టుకుని, "తొక్కు తల్లీ, తొక్కు! అరిగితే అరగనీ!" అని గొంతు చించుకున్నాడు. "అయ్యో, మీకేమైందండీ!" అన్న భార్య కూడా మరుక్షణం కుర్చీ ఎక్కి నిలబడి అదే కేక అందుకుంది.

ఆకుపచ్చ కారుకి మూరెడు ముందుగా అమ్మాయి గీత దాటింది. పదో స్థానం!

మేస్త్రి పరిగెత్తుకెళ్ళేసరికి కూతురు హెల్మెట్ తీస్తోంది. మొహమంతా చెమట. "నాన్నా, టైర్లలో ఏమన్నా మిగిలిందా?" అంది.

ఆయన మోకాళ్ళ మీద కూలబడి టైరు తడిమాడు. చెయ్యి చుర్రుమంది. అరుగుదల తెలియడానికి రబ్బరులో ఉంచిన చిన్న చిన్న గుంటలన్నీ చెరిగిపోయాయి, అంచున దారాలు తేలాయి. వేరే రోజైతే, వేరే టైరైతే, ఎవరి మీదో నిప్పులు చెరిగేవాడే.

"ఏమీ మిగల్లేదే తల్లీ!" అన్నాడు, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తనకే తెలియకుండా. "పిసరంత కూడా మిగల్లేదు!"