కత్తెరక్క ఆడిన బేరం

వీధిలో అందరూ ఆవిడని కత్తెరక్క అంటారు. చేతిలో ఎప్పుడూ కత్తెర ఉంటుంది కాబట్టి అలా అంటారనుకుంటే పొరపాటు. ఆ పేరు నోటిని బట్టి వచ్చింది. రెండంతస్తుల భవనంలో మెట్ల కింద ఆవిడ షాపు. ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీపెట్టె, దారం రీళ్లు గుచ్చిన చెక్క, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక స్టూలు. అంతకుమించి అందులో చీమ కూడా పట్టదు. పట్టపగలైనా ట్యూబులైటు వెయ్యాల్సిందే. కొత్త బట్టలు కుట్టదు. పొడుగైన ప్యాంటు మడిచి కుట్టడం, పోయిన జిప్పు మార్చడం, బిగుసుకుపోయిన నడుం వదులు చెయ్యడం, ఇదీ పని. "మొన్ననే కదా వదులు చేశాను, ఇంక ఇందులో గుడ్డ లేదు, నువ్వే కాస్త తగ్గు" అని మొహం మీదే అనేస్తుంది. అన్నా సరే, జనం ఆవిడ దగ్గరికే వస్తారు. పనితనం అలాంటిది.

ఆవిడ భర్త లారీ డ్రైవరు. లారీవాళ్ల బతుకులో సగం బండి నడపడం, మిగతా సగం గోడౌను గేటు ముందు లోడు కోసం పడిగాపులు కాయడం. ఆ పడిగాపుల్లోనే ఆయనకి వీడియోగేమ్ అలవాటైంది. రెండు చేతుల్లో ఇమిడే పెట్టె, అటూ ఇటూ బొత్తాలు, మధ్యలో తెర. పేకాట లేదు, తాగుడు లేదు, ఆ మహానుభావుడికి ఉన్న వ్యసనమల్లా అదొక్కటే. ఇంటికొచ్చిన రోజున కూడా షాపులో స్టూలు మీద కూర్చుని టకటకా నొక్కుకుంటూ ఉండేవాడు. కత్తెరక్క దానికి సవతి అని పేరు పెట్టింది. "మీ ఆయన వచ్చాడా?" అని ఎవరైనా అడిగితే, "వచ్చాడు, సవతిని కూడా వెంటేసుకుని వచ్చాడు" అనేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆయన ఆ పెట్టెలో తల దూర్చాడంటే తప్పంతా ఆయనది కాదు. వారానికో పదిరోజులకో ఇల్లు చేరిన మనిషి షాపులో అడుగు పెడితే ఈవిడ మిషను మీంచి తల ఎత్తేది కాదు. "కనబడటం లేదా, పనిలో ఉన్నాను" అనేది. కోపంతో కాదు. ఆవిడకి మనిషి మీద ప్రేమ ఉంటే అది పళ్లెంలోకి వస్తుంది, ఉతికి మడతపెట్టిన చొక్కాలోకి వస్తుంది, నోట్లోకి మాత్రం రాదు. ఆయనా మాటల మనిషి కాదు. ఫోనులో మెసేజీ పంపితే "బయల్దేరాను", లేకపోతే "లేటవుతుంది". ఇరవై రెండేళ్ల కాపురంలో రాతపూర్వకంగా ఆయన ఆవిడకి ఇచ్చినవి ఆ రెండు ముక్కలే.

కిందటేడాది ఆయనకి కామెర్లు ముదిరి ఆసుపత్రిలో పడ్డాడు. అయిదో రోజున, "అది కాస్త తెచ్చిపెడతావా?" అని అడిగాడు. "ఇక్కడ కూడానా?" అని కసిరింది. ఎనిమిదో రోజున మళ్లీ అడిగాడు, "నాకు కాదు, నీకు చూపిద్దామని" అన్నాడు. "నాకేం చూపించక్కర్లేదు. ముందు లేచి కూర్చో, తర్వాత తీరిగ్గా ఆడుకుందువుగాని" అంది. భయంతో ఆవిడ పై ప్రాణాలు పైనే పోతున్నాయి, ఆ భయం ఆవిడకి కసురుగానే బయటికి వస్తుంది. ఆ సంగతి ఆయనకి తెలుసనే మనం అనుకోవాలి. పదకొండో రోజున ఆయన పోయాడు.

పెట్టె మిగిలింది. అల్మారా తలుపు తీసినప్పుడల్లా ఎదురుగా అదే. ఆయన లేడు, ఇది మాత్రం రాయిలా ఉంది అని ఒళ్లు మండిపోయేది. ఒకరోజు దాన్ని చీర కొంగులో చుట్టి తీసుకెళ్లి, పక్కవీధిలో పాత ఫోనులు అమ్మే కుర్రవాడికి ఇచ్చేసి, వాడు ఎంతిచ్చాడో కూడా చూసుకోకుండా వచ్చేసింది.

రెండు నెలలకి ఆయనతో కలిసి లారీ నడిపిన డ్రైవరు ప్యాంటు జిప్పు మార్పించుకోవడానికి వచ్చాడు. ఆయనని అన్నా అని, ఈవిడని వదినా అని పిలిచే మనిషి. స్టూలు మీద కూర్చుని కాసేపు అటూ ఇటూ చూసి అడిగాడు.

"అన్న కట్టిన ఊరు మీరు చూస్తున్నారా వదినా?"

"ఏ ఊరు?"

"అదే, గేమ్‌లో. ఖాళీ నేల ఇస్తారు, మనం ఇళ్లు, రోడ్లు, షాపులు కట్టుకుంటూ పోవాలి. అన్న మూడేళ్లపాటు ఒకటే ఊరు కట్టాడు. అందులో మీ షాపు కూడా ఉంది. మెట్ల కింద కాదు, మూలమలుపులో. రెండు గోడలకీ పెద్ద పెద్ద కిటికీలు పెట్టాడు, ట్యూబులైటు అక్కర్లేకుండా. లోపల మిషను ముందు మీరు కూర్చుని ఉంటారు. అన్న బొమ్మ వెళ్లి నిలబడితే మీరు మాట్లాడతారు."

"నేనా? ఏం మాట్లాడతాను?"

"మనం ఏం రాసిపెడితే అది. అన్నే రాశాడు. మాకు చూపించేవాడు కాదు, ఒక్కడే చదువుకుని నవ్వుకునేవాడు. మీకు చూపించలేదా?"

కత్తెరక్క ఆ జిప్పు అలా సగంలో వదిలేసి పక్కవీధికి పరుగెత్తింది. పెట్టె ఎప్పుడో అమ్ముడుపోయింది. ఎవరు కొన్నారో పాత ఫోనుల కుర్రవాడికి గుర్తు లేదు.

ఆ రోజు నుంచీ ఆవిడకి ఇంకో పని పట్టుకుంది. పాత సామాన్లు అమ్ముకునే యాప్ ఒకటి ఫోనులో వేయించుకుంది. పొద్దున షాపు తెరవగానే ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి, అందులో అమ్మకానికి పెట్టిన వీడియోగేములన్నీ వరసగా చూసేది. ఎర్రవి, నీలంవి, తెర పగిలినవి, బొత్తాలు ఊడినవి. నాలుగు నెలలు చూసింది. ఆయన తన గురించి ఏదో రాశాడు, అది ఎక్కడో ఎవరి చేతిలోనో ఉంది. తిట్టి రాశాడో, వెక్కిరించి రాశాడో, ఏదైనా సరే, ఆయన నోట వినకుండా పోయిన మాటలు కళ్లతోనైనా చదువుకోవాలి.

అయిదో నెలలో ఒక మధ్యాహ్నం దొరికింది. బూడిదరంగు పెట్టె, పక్కన చేతికి తగిలించుకునే పట్టీ. అసలు పట్టీ తెగిపోతే ఆయన బతిమాలితే విసుక్కుంటూ ఈవిడే కుట్టిపెట్టింది, చదరం కుట్టి మధ్యలో అడ్డంగా రెండు గీతలు వేసి. తన కుట్టు తాను గుర్తుపట్టలేని దర్జీ ఉంటుందా?

అమ్ముతున్నది కళ్లద్దాల షాపులో పనిచేసే అమ్మాయి. తోటి డ్రైవరుకి ఫోను చేస్తే అతను ఒకటే మాట చెప్పాడు. "ఉన్న సంగతి చెప్పెయ్యండి వదినా. ఆ అమ్మాయి ఊరికే ఇచ్చినా ఇస్తుంది."

"నీకేం తెలుసు? అవసరం మనదని తెలిస్తే నెత్తికెక్కి కూర్చుంటారు" అంది కత్తెరక్క.

బట్టల కొట్లలో ఆవిడ నేర్చుకున్న విద్య అది. గుడ్డ ఎంత నచ్చితే అంత పెదవి విరవాలి. రంగు దిగేలా ఉందనాలి, నేత పలచన అనాలి, రెండడుగులు బయటికి వెయ్యాలి. ఆ విద్యతో ఆవిడ ఏనాడూ మోసపోలేదు. పైగా ఇంకో భయం కూడా ఉంది. లోపల ఆయన రాతలున్నాయని చెబితే ఆ పిల్ల సరదాకి తెరిచి చదివేస్తుందేమో. అవి ఇంకొకరు ముందు చదవడం ఆవిడకి ఇష్టం లేదు. అందుకని ఏమీ ఎరగనట్టు మెసేజీ పెట్టింది.

"పట్టీ ఏం బాగాలేదు. ఎవరో కుట్టు రానివాళ్లు కుట్టినట్టుంది. లోపల ఎవరివో పాత ఆటలు కూడా ఉండిపోయాయా?"

"ఉందండీ, ఎవరో కట్టుకున్న ఊరు ఒకటి ఉంది" అని అటు నుంచి జవాబొచ్చింది. "నాకంటే ముందు వాడినవాళ్లది. నేను దాన్ని ముట్టుకోలేదు, వేరేవి ఆడుకున్నాను."

ఉంది. ముట్టుకోలేదు. కత్తెరక్కకి ఏడుపు తన్నుకొచ్చింది. అక్కడితో ఆగి, సరేనమ్మా పంపించు అంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ అలవాటు ఊరుకోనిస్తుందా? వేళ్లు వాటంతట అవే టైపు కొట్టేశాయి.

"మరింకేం? ఎవరో వాడి పారేసిన చెత్తంతా లోపల పెట్టుకుని కొత్తదాని ధర చెబితే ఎలా? నాకు పాతవి అక్కర్లేదు."

ఆ అమ్మాయి బేరం తెలిసిన పిల్ల కాదు. క్షమించమని అడిగి ధర తగ్గించింది. కత్తెరక్క గెలిచింది. తోటి డ్రైవరుకి ఫోను చేసి, "చూశావా? ఎవరితో పెట్టుకున్నావు" అని కూడా అంది.

పార్సిలు రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఆవిడ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. పై అంతస్తు ఆవిడ స్కర్టు తెస్తే కుట్టి డబ్బులు తీసుకోకుండా పంపించింది. కత్తెరక్కకి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు.

వచ్చాక షాపు షట్టరు సగం దించి, స్టూలు మీద కూర్చుని విప్పింది. పెట్టె తళతళా తుడిచి ఉంది. పైన ఒక చిన్న కాగితం. "నమస్తే అండి. మీకు పాతవి అక్కర్లేదన్నారు కదా, లోపల ఉన్నవన్నీ తీసేశాను. ఇప్పుడు కొత్తదే అనుకోండి. ఎవరికోసం కొన్నారో వాళ్లకి నచ్చుతుందని ఆశిస్తున్నాను."

ఆవిడ నమ్మలేదు. మీట నొక్కింది. తెర వెలిగింది. గడ్డినేల, పక్కన సన్నటి ఏరు, ఇంకేమీ లేదు. ఇల్లు లేదు, రోడ్డు లేదు, మూలమలుపు లేదు. కింద ఒక ప్రశ్న మాత్రం వచ్చింది, మీ ఊరికి ఏ పేరు పెడతారని. ఆపి మళ్లీ వేసింది. మళ్లీ ఆపి వేసింది. చేతులారా చేసుకున్నానని అప్పటికి తెలిసొచ్చింది. తల గోడకి కొట్టుకోవాలనిపించింది. ఎవర్ని తిట్టాలి? ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు చేసింది. తిట్టాల్సిన మనిషి షాపులో ఒక్కతే ఉంది.

ఆ అమ్మాయికి ఫోను చేసింది.

"తీసేసినవి మళ్లీ వస్తాయా అమ్మా?"

"రావండీ. ఏమైంది? పనిచెయ్యడం లేదా?"

కత్తెరక్క మొత్తం చెప్పింది. లారీ, ఆసుపత్రి, అల్మారా, మూడేళ్లు కట్టిన ఊరు. ఎవరికీ చెప్పుకోని సంగతులు ముక్కూ మొహం తెలియని పిల్లకి చెప్పింది. ఆ అమ్మాయి ఏడుస్తూ, "ముందే ఒక్క మాట చెబితే అలాగే ఉంచేదాన్ని కదండీ" అంది.

"చెప్పాల్సిందే. నేనే చెప్పలేదు. నువ్వు ఏడవకు" అంది కత్తెరక్క. మళ్లీ తనే అడిగింది. "తీసేసేముందు ఏమైనా చూశావా?"

"కొంచెం చూశానండీ. ఊరు చాలా బాగుంది, తీసెయ్యాలంటే మనసొప్పలేదు. ఒక కుట్టుషాపు ఉంది, లోపలికి వెళ్లాను."

"లోపల ఆవిడ ఏమంది?"

"'వచ్చావా? కూర్చో. పని ఎక్కడికీ పోదు, ముందు నీ కబుర్లు చెప్పు' అందండి."

ఇరవై రెండేళ్లలో ఆ మాట కత్తెరక్క ఒక్కసారి కూడా అనలేదు. అనదని తెలిసి ఆయనే రాసిపెట్టుకుని, గోడౌను గేటు ముందు కూర్చుని, రోజూ వెళ్లి వినొచ్చేవాడు.

"ఇంకా ఏమంది?"

"నొక్కినప్పుడల్లా కొత్త మాట అంటుందండీ. చాలా ఉన్నట్టున్నాయి. నేను రెండే చూశాను."

కత్తెరక్క కొలతల పుస్తకం తీసి, ఎవరిదో నడుం కొలత కింద ఖాళీగా ఉన్నచోట పెన్సిలు పెట్టింది. "మొదటిది మళ్లీ చెప్పు తల్లీ, మెల్లగా" అంది. ఆ అమ్మాయి చెప్పింది. ఆవిడ రాసుకుంది.

"ఇప్పుడు రెండోది చెప్పు."

అటు పక్క ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించింది. ఈవిడ పెన్సిలు ఎత్తకుండా అలాగే కూర్చుంది.

"గుర్తు రావడం లేదండీ" అంది ఆ అమ్మాయి.