వీధివైపు తిప్పిన చెప్పులు

మా ఎదురింటి హవల్దార్ కాక చనిపోయి ఇవాళ్టికి పదమూడు రోజులు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. రాసిన ప్రతిసారీ ఎవరి గురించో అబద్ధం రాస్తున్నట్టే ఉంది.

ఆ పొద్దున ఏడింటికి ఆయన్ని వీధి నల్లా దగ్గర చూశాను. ఖాకీ ప్యాంటు, పైన బనీను, చేతిలో బిందె. తొమ్మిదిన్నరకు నేను కుంఠా నాకా కూడలిలో టైపింగు క్లాసుకు బస్సు కోసం నిలబడి ఉంటే పాన్ టపరీ అతను తల బయటికి పెట్టి అడిగాడు.

"ఇంకా ఈడ్నే ఉన్నవా పోరీ? మీ హవల్దార్ కాక ఖతమ్ అయిండట గదా. నల్లా కాడ్నే కూలబడ్డడట."

నేను నవ్వాను. నిజంగానే నవ్వాను. "పొద్దుగాల్నే ఇదేం మజాక్ భయ్యా" అన్నాను. అతను నవ్వలేదు. ఆకుకు సున్నం రాస్తున్న వేలు అక్కడే ఆగిపోయింది. అప్పుడు వెనక్కి పరుగెత్తాను. దారి పొడవునా మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. ఆ టకటక చప్పుడు ఆగకపోవడమే నాకు అన్నిటికన్నా పెద్ద వింతగా తోచింది.

మా గల్లీలో అందరివీ తెలంగాణ నుంచి తాతల కాలంలో ఈ మరాఠీ ఊరికి వచ్చిన నేతకుటుంబాలే. మగవాళ్ళు మగ్గాల మీద, ఆడవాళ్ళు బీడీల మీద. పోలీసుల్లో చేరింది కాక ఒక్కడే. పద్దెనిమిదేళ్ళ దాకా తండ్రి పక్కన గుంతమగ్గంలో కాలు పెట్టి నేసినవాడు. "గుంతల కెల్లి తీసిన కాలు సీదా బూట్ల పెట్టిన" అనేవాడు. పిల్లలు లేరు. గల్లీలో పిల్లలందరం ఆ ఇంట్లోనే ఉండేవాళ్ళం.

అందుకు సగం కారణం టీవీ. మా గల్లీలో మొదటి టీవీ వాళ్ళదే. రెండేళ్ళుగా బుధవారం సాయంత్రాలు అక్కడ కాలు పెట్టే చోటుండేది కాదు. ఆ రోజు పోలీసుల సీరియల్ వస్తుంది. అందులో ఒక ఇన్‌స్పెక్టరు, ఒక గూండా సర్దారు, ఇద్దరూ చిన్ననాటి దోస్తులు. ఒకే చాల్ వరస గదుల్లో పెరిగారు, ఒకే పళ్ళెంలో తిన్నారు. ఇప్పుడు ఇన్‌స్పెక్టరు అతన్ని పట్టుకోవాలి, పట్టుకోలేడు. వారం వారం అదే కథ. చిన్నమ్మ, అంటే కాక భార్య, పొద్దుటే పెద్ద చాప దులిపి పెట్టేది. ఆడవాళ్ళు ఒడిలో తంబాకు చాటలు పెట్టుకుని టీవీ చూస్తూనే బీడీలు చుట్టేవాళ్ళు. వేళ్ళకు కళ్ళతో పని లేదు కదా.

కాక మాత్రం చాప మీద కూర్చునేవాడు కాదు. గుమ్మం పక్కన ఇనుప కుర్చీ. సగం టీవీ వైపు, సగం వీధి వైపు. లోపలికి వచ్చేవాళ్ళం చెప్పులు విసిరేసి దూకేవాళ్ళం. ఆయన ఒక్కొక్క జతనే కాలి బొటనవేలితో జరిపి, వీధి వైపు తిప్పి, వరసగా పెట్టేవాడు. సీరియల్ అయ్యేసరికి ముప్పై జతలు పరేడుకు నిలబడ్డట్టుండేవి. వెళ్ళేటప్పుడు నేరుగా కాళ్ళు దూర్చి నడవడమే.

"నీకెందుకు కాకా ఈ పని?" అని ఒకసారి అడిగాను.

"వచ్చేటోనికి ఏం గావాలె బిడ్డా? దర్వాజ తెరిసి ఉండాలె. పోయేటోడు తడుముకోవద్దు. గంతే."

సీరియల్ మీద ఆయన వ్యాఖ్యానం సీరియల్ కన్నా బాగుండేది. "గా బూట్లు సూడు, అద్దాల లెక్క! దొంగ ఎనుక ఉరికినోని బూట్లు గట్లుంటయా?" "స్టేషన్ల నాలుగు ఫోన్లట. మా దాంట్ల ఒక్కటుంది, అది గూడ మూగది." ఎదురుగా చాప మీద నుంచి మా అమ్మ కసిరేది. "నువ్వు జర చుప్ ఉండరాదూ? ఆడు దోస్తును పడ్తడా పట్టడా, గది చెప్పు."

"పట్టకుంటే సీరియల్ ఎట్ల ఒడుస్తది వదినా?"

"మరి నువ్వయితే?"

ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఒక్కసారి మాత్రం జవాబు చెప్పాడు. "ఆ ఇన్‌స్పెక్టరుకు మనసు ఒక్కటే రాసిండ్రు. నాకు రెండున్నయి, ఖాకీ వర్దీ ఒక్కటే."

అందరూ నవ్వారు. ఎందుకంటే అందరికీ తెలుసు. మా పేట దాదా స్వయానా చిన్నమ్మ తమ్ముడు. మట్కా అతనిది, సారా అతనిది, చిన్న చిన్న మగ్గాల షెడ్ల నుంచి నెల నెలా హప్తా వసూలూ అతనిదే. రాఖీ పున్నమికి మా కులదేవుడి ఊరేగింపులో రథం ముందు మొదటి కొబ్బరికాయ కొట్టేదీ అతనే. కాక ఆ సంగతులు ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు. బామ్మర్ది ఇంటికొస్తే చాయ్ ఇచ్చేవాడు, చెప్పులు తిప్పి పెట్టేవాడు. కాలేజీ చదువు తలకెక్కిన నేను మనసులో ఆయన్ని చాలాసార్లు పిరికివాడని అనుకున్నాను. ఇప్పుడు దాచి ఏం లాభం.

పోయిన శ్రావణంలో రెండు మగ్గాల మామ హప్తా ఇవ్వనన్నాడు. పేరుకు తగ్గట్టే ఆయనకున్నవి రెండే మగ్గాలు, కొడుకూ ఆయనా కలిసి నడుపుకుంటారు. మర్నాడు మధ్యాహ్నం మనుషులొచ్చి మగ్గం మీదున్న పడుగు, అంటే నిలువు పోగులన్నీ, కోసేశారు.

నేత ఎరగని పాఠకులకు ఇది ఎంత మాటో చెప్పాలి. మాలో ఇంట్లో శవం లేచినా మగ్గం ఆపుతారు తప్ప పడుగు కొయ్యరు. సగం నేసిన బట్ట ఉండగా మగ్గం దగ్గరికి కత్తెర కూడా తీసుకురానివ్వరు. పైగా వాళ్ళు కోసింది ఎక్కడ? పోగుల్ని వరసలో నిలబెట్టే దువ్వెన లాంటిది ఒకటుంటుంది, పన్నె అంటారు. దాని వెనక కోశారు. అక్కడ కోస్తే పోగులన్నీ వరస తప్పి జారిపోతాయి, మళ్ళీ ఒక్కొక్కటే ఎక్కించుకోవాలి.

కాక వచ్చి చూశాడు. "తెల్వనోడు ముందట కోస్తడు" అన్నాడు మెల్లగా. "ఇది తెలిసినోడు చూపిచ్చిన జాగ."

బామ్మర్దికి చిన్నప్పుడు మగ్గం నేర్పింది కాకే.

మామ ఫిర్యాదు ఇవ్వనన్నాడు. "నేనేం సూడలే, నాకేం తెల్వది." పడుగు కోసేటప్పుడు దాదా స్కూటరు మీద మామ వాకిట్లోనే కూర్చుని ఉండటం గల్లీ అంతా చూసింది. కాక రెండు రోజులు సెలవు పెట్టి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, ఖాకీ ప్యాంటుతోనే మగ్గం వెనక కూర్చున్నాడు. ఒక్కొక్క పోగే వెతికి, పన్నెలోంచి లాగి, ముడి వేశాడు. ముప్పై ఏళ్ళు లాఠీ పట్టిన వేళ్ళు మొదట తడబడ్డాయి, తర్వాత వాటికే గుర్తొచ్చింది. నేను చాయ్ తీసుకెళ్ళాను. తల ఎత్తలేదు.

"పడుగు కోసుడంటే కూడు కోసుడే బిడ్డా. మట్కా ఆడేటోడు తన సంసారం తనే ముంచుకుంటడు. ఇది వేరే."

రెండో రోజు సాయంత్రం మామ వచ్చి పక్కన కూర్చున్నాడు. "రాస్కో హవల్దారూ. నేను సూసిన. సంతకం పెడ్త" అన్నాడు.

స్టేషన్లో సాహెబు కాగితం చదివి నవ్వాడట. "తుఝా మేహుణా ఆహే నా? మగ తూచ్ ఆణ్." నీ బామ్మర్దే కదా, అయితే నువ్వే తీసుకురా అని.

రాఖీ పున్నమి మాకు జంధ్యాలు మార్చుకునే రోజు కూడా. ఆ పొద్దున కాక కొత్త జంధ్యం వేసుకుని, దాని మీద వర్దీ తొడుక్కుని బందోబస్తుకు వెళ్ళాడు. ఊరేగింపు కదిలాక ఇంటికి వచ్చాడు. ఏటా లాగే చిన్నమ్మ తమ్ముడు, ఆ దాదా, రాఖీ కట్టించుకోవడానికి వచ్చాడు. నేను చిన్నమ్మకు హారతి పళ్ళెం అందిస్తున్నాను కాబట్టి ఇది విన్నమాట కాదు, చూసిందే.

చిన్నమ్మ రాఖీ కట్టింది. అన్నం పెట్టింది. కాక గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని, తమ్ముడు చెయ్యి కడుక్కునే దాకా ఆగాడు. అప్పుడు లేచి చెప్పులు వీధి వైపు తిప్పి పెట్టాడు.

"తమ్మీ, చెప్పులు తొడుక్కో. స్టేషన్‌కు పోవాలె."

అతను నవ్వాడు. "ఏంది బావా, సీరియల్ మస్తు చూస్తున్నవ్ గదా?"

"చెయ్యి ఇటు తే."

నవ్వు పోయింది. చిన్నమ్మ పళ్ళెం పట్టుకుని గోడలా నిలబడిపోయింది. కాక బేడీ తీశాడు. వెయ్యబోయి ఆగి, ఇప్పుడే కట్టిన రాఖీని రెండు వేళ్ళతో మోచేతి వైపు పైకి జరిపాడు, ఇనుము దాని మీద పడకుండా. అప్పుడు వేశాడు.

ఆ వచ్చే బుధవారమే చిత్రం జరిగింది. సీరియల్లో ఇన్‌స్పెక్టరు తన దోస్తును అరెస్టు చేశాడు. గల్లీలో ఈ మధ్య ఇంకో రెండు ఇళ్ళల్లో టీవీలు వచ్చాయి. ఆ రెండిళ్ళ కిటికీల్లోంచీ చప్పట్లు, ఈలలు. కాక ఇంట్లో చాప పరిచి ఉంది, దాని మీద ఎవరూ లేరు.

కాక ఇంటికి పోవద్దని ఎవరూ ఆజ్ఞ వెయ్యలేదు. పెద్దమనుషులు "ఇంటి అల్లుడు గిట్ల చేస్తడా" అన్నారు, అంతే. తెలిసినవాళ్ళకు అది చాలు. మా నాయన నేసే కార్ఖానా యజమాని దాదాకు భాగస్వామి. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పోకు. మన బువ్వ ఆడుంది." నేను వెళ్ళలేదు. హక్కులూ న్యాయాలూ అని కాలేజీలో పోటీల్లో మాట్లాడి కప్పులు తెచ్చుకున్న పిల్లను, వీధి దాటి పది అడుగులు వెయ్యలేదు. ఆరు బుధవారాలు.

ఆ ఆరు బుధవారాలూ నేను మా కిటికీ దగ్గరే కూర్చునేదాన్ని. ఎదురింటి టీవీ గోల గల్లీ అంతా వినిపించేది. "చెవుడు వచ్చినట్టుంది ముసలోనికి" అని అమ్మ కిటికీ మూసేది. గల్లీ మీద కసి తీర్చుకుంటున్నాడని నేననుకున్నాను. తలుపు తెరిచే ఉండేది. గుమ్మం బయట ఒక్క జత చెప్పులు, ఆయనవే, వీధి వైపు తిరిగి.

ఏడో బుధవారం రాకముందే పోయాడు.

నేను నాకా నుంచి పరుగెత్తుకొచ్చేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు. గల్లీ వాళ్ళంతా ఎవరి గడపలో వాళ్ళు నిలబడి చూస్తున్నారు. పాడె కట్టడం అయింది. ఎత్తడానికి నలుగురు కావాలి. ఎండ ముదురుతోంది.

అప్పుడు దాదా స్కూటరు వచ్చింది. జామీను మీద బయట ఉన్నాడు. చెప్పులు విప్పి నేరుగా పాడె దగ్గరికి వచ్చి వంగాడు. అది చూసి గడపల్లోంచి కాళ్ళు ఒక్కసారిగా కదిలాయి. ఒకరు కండువా తలకు చుట్టుకుంటున్నారు, ఒకరు చేతిలో చాట కింద పెడుతున్నారు. ఇన్నాళ్ళూ ఎవరి కోసం వెలి పెట్టారో, అతనే వచ్చాక ఇంక అడ్డేముంది?

చిన్నమ్మ లేచింది.

"తమ్మీ, నువ్వు ఎత్తొద్దు."

"అక్కా, బావ..."

"నువ్వు ఎత్తితే గీళ్ళందరు ఉరికొస్తరు. ఆయనకు గసుంటి మంది వద్దు. నువ్వు ఏడ్సుడుంటే పక్కకు నిలబడి ఏడువు."

అతను నిజంగానే పక్కకు జరిగాడు. కదిలిన కాళ్ళన్నీ ఆగాయి. అప్పుడు రెండు మగ్గాల మామ తన షెడ్డులోంచి వచ్చాడు. చంకలో ఒక చద్దరు. కాక ముడులు వేసిన పడుగు మీద నేసినది. అడ్డంగా ఒకచోట వరసగా ముడులు, బియ్యం గింజల్లా పైకి తేలి ఉన్నాయి. అమ్మడానికి పనికిరాని బట్ట. దాన్ని ఆయన మీద కప్పి, ముడులున్న చోట చేత్తో ఒకసారి నిమిరి, ముందు వైపు భుజం పట్టాడు. కానిస్టేబుళ్ళు ఇద్దరు. నాలుగోది ఖాళీ.

మా నాయన అరుగు దిగాడు. అమ్మ "ఏమయ్యో" అంది. ఆయన వెళ్ళి నాలుగో భుజం పెట్టాడు. జీవితంలో నలుగురిలో గట్టిగా మాట్లాడని మనిషి. మర్నాడు కార్ఖానాలో రావద్దన్నారు. ఇప్పుడు నాయన మామ వాళ్ళ రెండో మగ్గం మీద నేస్తున్నాడు.

నిన్న బుధవారం. దినాలు అయిపోయాయి. సాయంత్రం చిన్నమ్మ తలుపు తెరిచి చాప పరవడం కిటికీలోంచి కనబడింది. నేను వీధి దాటాను. ఎంత, పది అడుగులే. నా వెనక అమ్మ వచ్చింది, తంబాకు చాటతో. తర్వాత మామ భార్య, ఇంకో ఇద్దరు. చిన్నమ్మ టీవీ పెట్టింది. సౌండు చిన్నగా.

"పెద్దగ పెడ్తుండె గదా కాక?" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"నువ్వు కిటికీ కాడ కూసుంటవని" అంది చిన్నమ్మ, టీవీ వైపే చూస్తూ. "పోరికి మాటలు ఇనవడవు, పెంచు పెంచు అని నా పానం తీసేటోడు."

సీరియల్లో ఏం జరిగిందో నాకు తెలియదు. అయిపోగానే అందరికన్నా ముందు లేచి బయటికి వచ్చాను. గుమ్మం దాటి, అలవాటుగా కిందికి చూడకుండా కాలు ముందుకు చాపాను. చెప్పు దొరకలేదు, మడమ మెట్టుకు తగిలింది.

కుర్చీ ఖాళీగా ఉంది. దాని ముందు అయిదు జతల చెప్పులు, ఎవరు ఎలా విప్పితే అలా, చెల్లాచెదురుగా, అన్నీ ఇంటి లోపలి వైపే చూస్తూ.