ఇసుక మీది రాయి

ధ్వని పాఠం నాకు కొట్టిన పిండి. నంద్యాల బడిలో ఎనిమిదో తరగతికి ఆ పాఠాన్ని స్టీలు గ్లాసు లేకుండా ఏనాడూ చెప్పలేదు. గ్లాసును దారంతో వేలాడదీసి చెంచాతో కొడతాను. ఖంగుమంటుంది. వెంటనే వేలు ఆనిస్తాను. ఠక్కున ఆగిపోతుంది. కంపనం ఆగితే ధ్వని ఆగుతుందని నేను చెప్పేలోపే పిల్లలు అరిచి చెప్తారు. ఆ పూట నాకంటే మంచి టీచరు జిల్లాలో లేదనిపిస్తుంది. ఇప్పటికీ అనిపిస్తుంది, అబద్ధమెందుకు.

నిజానికి ఈ పాఠం నాకు పుస్తకంలో కంటే ముందే వచ్చు. మా నాయన ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కుతాడు. కొత్త రాయి రాగానే సుత్తితో నాలుగు చోట్ల తట్టి వింటాడు. గంటలా మోగితే మంచి రాయి. బొదబొదమంటే లోపల పగులున్నట్టు. పగులు రాయిని నెలల తరబడి చెక్కాక ముక్కు దగ్గర విరిగితే పనీ పోతుంది, పేరూ పోతుంది. అందుకే ఆయన తట్టేటప్పుడు ఇంట్లో ఎవరం నోరు మెదిపేవాళ్లం కాదు.

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం బస్సు దిగి ఇంటికి వెళ్లేసరికి, నాయన పని చేసే షెడ్డు ముందు ఇసుకలో నిలువెత్తు నల్లరాయి పడి ఉంది. లారీ పక్కన క్వారీ మనిషి నిలబడి తొందర పెడుతున్నాడు.

"బేగా తేల్చన్నా. ఉంచుకుంటావా, ఎత్తుకపొమ్మంటావా?"

నాయన నన్ను పక్కకు పిలిచి సుత్తి చేతిలో పెట్టాడు. "నువ్వు కొట్టి చెప్పమ్మా."

"నేనెందుకు నాయనా?"

ఆయన గొంతు తగ్గించాడు. "నాకు సరిగా ఇనపడ్డంల్యా. యాడా అనొద్దు. తెలిస్తే చెవిటోనికి పనెవురిస్తారు?"

ఇన్నేళ్ల సుత్తి చప్పుడే ఆయన చెవులు తినేసింది. పెద్ద చప్పుడు చెవులకు చేటని ఏటా ఊళ్లో పిల్లలందరికీ చెప్తాను. కన్నతండ్రికి ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ తప్పు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

సరే, కనీసం ఈ రోజు ఆయన చెవి నేనే అనుకుని రాయిని నాలుగు చోట్ల తట్టాను. అన్ని చోట్లా బొదబొదే. నాకు ఇసుమంత అనుమానం కూడా రాలేదు.

"పగులుంది నాయనా. పంపించెయ్" అన్నాను, క్లాసులో మార్కులు చదివినంత ధీమాగా.

క్వారీ మనిషి మొహం మాడిపోయింది. నాయన మాత్రం రెండు బిందెల నీళ్లు తెచ్చి రాయి పొడుగునా పోశాడు. మిట్టమధ్యాహ్నపు ఎండ. చూస్తుండగానే తడంతా ఆరిపోయింది. నాయన గొంతుక్కూర్చుని ఏటవాలుగా చూస్తూ రాయి చుట్టూ తిరిగాడు.

"పగులుంటే నీళ్లు దాంట్లోకి దూరతాయి. తక్కిందంతా ఆరినా ఆ గీత తడిగానే ఉంటాది. చూడు, యాడుంది గీత?"

నేనూ చూశాను. వెంట్రుకంత గీత కూడా లేదు.

"ఇసుకలో ఉండంగనే కొట్టినావా?" అన్నాడు.

అప్పుడు వెలిగింది. చిన్నప్పటి నుంచి ఆయన తట్టడమే చూశాను కానీ, తట్టే ముందు రాయిని చెక్కల మీదికి ఎత్తించడం ఎన్నడూ పట్టించుకోలేదు. ఇసుకలో కూరుకున్న రాయి, నేను వేలు ఆనించిన గ్లాసు, రెండూ ఒకటే. ఏటా నేను చేసి చూపించే ప్రయోగం నా కళ్ల ముందే ఉంటే గుర్తుపట్టలేకపోయాను.

"ముందే చెప్పకూడదా నాయనా?"

"సైన్సు టీచరువి గదా, నీకు నేను చెప్పేదేందని ఊరకుంటి."

లారీతో వచ్చిన కూలీలు నలుగురు గడ్డపారలు వేసి రాయిని పైకి లేపితే, రెండు కొసల కిందా చెక్కలు దూర్చాం. నాయన అరచేయి రాయి మీద పెట్టాడు. నేను సుత్తితో తట్టాను. ఖంగుమన్న మోత వీధి దాకా పోయింది.

"మోగింది" అన్నాడు నాయన, నాకంటే ముందే.

"ఇనపడిందా?" అన్నాను మెల్లగా.

ఆయన నా పెదవులు చూసి తల అడ్డంగా ఊపాడు. అరచేయి ఎత్తి చూపించాడు. తర్వాత క్వారీ మనిషి వైపు తిరిగి అందరికీ వినపడేలా చెప్పాడు.

"రాయి మంచిదేలే, ఈడనే ఉండనీ. మా పాప ఇనింది."