హేమ్లి కుట్టిన బ్యానర్ బొంత

ఓట్ల కాలంలో నాయకులు మాకేం ఇస్తారని ఎవరైనా అడిగితే నేను ఒకటే చెబుతాను: గుడ్డ ఇస్తారు. ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకు, రోడ్డుకు అడ్డంగా, నాలుగైదు గజాల నూలు గుడ్డ. మా తండాకు వాళ్ల వల్ల దక్కింది అదొక్కటే. అదీ హేమ్లి దోటి కర్రతో తాళ్లు కోసి తెచ్చుకుంది కాబట్టి.

నేను చర్ల దగ్గరి ఆ తండాలో అంగన్‌వాడీ టీచర్‌ని. బాలింతలకు శుభ్రత గురించి పాఠాలు చెప్పేదాన్ని, ఒక్కరూ వినేవారు కాదు. పసివాళ్లకు గుడ్డలు కుట్టే హేమ్లి దగ్గరికి మాత్రం కడుపుతో ఉన్న ప్రతి పిల్లా పోయేది. పుట్టబోయే బిడ్డకు ముందుగా కొత్త గుడ్డ కొనకూడదని అక్కడ పట్టింపు. ఒంటి మీద పడే మొదటి గుడ్డ పాతదే అయి ఉండాలి. ఎండా వానా తిన్న బ్యానర్ కంటే పాతది ఏముంటుంది? హేమ్లి దాన్ని బూడిదనీళ్లలో ఉడకబెట్టి గంజి వదలగొట్టేది. పొడుగ్గా చీలిస్తే బాలింతకు నడికట్టు, అడ్డంగా కోస్తే లంగోటీలు. మగవాళ్ల పాత చొక్కాలు పాలిచ్చే తల్లులకు జాకెట్లయ్యేవి, గుండీలు ఎలాగూ ముందే ఉన్నాయి కదా. చంటివాళ్ల జుబ్బాకు గుండీ ఉండదు, పక్కన ముడివేసే తాడే. కుట్టు అంచులు మాత్రం బయటికి ఉంచేది.

“మనకు అందం కనబడుడు కాదు టీచరమ్మా, పోరనికి గీసుకోవద్దు,” అనేది.

బూడిదనీళ్లకు గంజి పోయేది గానీ అక్షరాలు పోయేవి కావు. ఒకడి పిర్రల మీద ‘మీ సేవకుడు’, ఇంకొకడి ముందు ‘గెలిపించండి’. అవి తడిసిన ప్రతిసారీ నా కడుపు చల్లబడేది.

2006లో పంచాయతీ ఓట్లయ్యాక వచ్చిన చలికాలం అది. హేమ్లి కోడలు జమ్లికి నెలలు నిండాయి. అంతకుముందు పుట్టిన బిడ్డ నాలుగో రోజునే చలికి పోయింది. అందుకే ఈసారి హేమ్లి ఐదు పొరల చిన్న బొంత కుట్టింది. దొరికిన ప్రతి బ్యానర్ ముక్కా అందులో ఉంది. దిష్టి తగలకూడదని నడిమధ్యన ఎర్రముక్కలు వేసింది. ఆ ఎరుపు అడవిలోని ‘అన్నలు’ రోడ్డు మీద కట్టిన బ్యానర్‌దని చదువు రాని మనిషికి ఎవరు చెప్పాలి? చదువొచ్చిన నేను చూశాను, చూసి నోరు మూసుకున్నాను. థూ, నా చదువు!

దండెం మీద ఆరేసిన బొంత, అన్నల కోసం తండా దగ్గర పెట్టిన క్యాంపు పోలీసుల కంటపడింది. బొంతతో పాటు హేమ్లి కొడుకు భీమ్లానూ పట్టుకుపోయారు.

హేమ్లి తిన్నగా నా గుమ్మంలోకి వచ్చింది. “ఏంది టీచరమ్మా, బొంత కుడితే కేసా? ఇయ్యాల్నో రేపో దానికి నొప్పులొస్తయ్. మొగడు క్యాంపుల ఉంటే దవాఖానకు ఎవలు తోల్కపోతరు? నువ్వు చదువుకున్నవ్, నడువ్.”

సిగ్గుపడుతూనే నడిచాను.

క్యాంపులో ఎస్సై బల్ల మీద బొంత పరిచి ఉంది. కోసి కుట్టడంతో అక్షరాలు చెల్లాచెదురయ్యాయి. ఒక కానిస్టేబుల్ వేలు పెట్టి కూడబలుక్కుంటున్నాడు. “‘దున్నే’... ‘విప్’... ‘జోహా’... సార్, కోడ్ భాష సార్!” ఎస్సై గంభీరంగా తల పంకించాడు. డిగ్రీలు చదివిన తలకాయలు! పసిబిడ్డ మూడడుగుల బొంతలో కుట్ర వెతుకుతున్నాయి.

“ఎవడిచ్చాడే ఈ గుడ్డ?” అన్నాడు ఎస్సై.

“చెట్టుకున్నది సారూ.”

“నీ కొడుకే కదా తెచ్చింది?”

“వానికి సూదిల దారం ఎక్కియ్యరాదు. తెచ్చింది నేను, కోసింది నేను, కుట్టింది నేను. నన్ను కూసోబెట్టుకొని వాన్ని ఇడువుండ్రి.”

ఎస్సై ఆమెను పట్టించుకోలేదు. నన్ను పంచనామాకు సాక్షిగా ఉండమన్నాడు. ఏ ముక్క మీద ఏముందో నేను చదవాలి, కానిస్టేబుల్ రాయాలి. చదివాను. ఎర్రముక్కలు అయ్యాయి. సర్పంచ్ అభ్యర్థి పచ్చముక్క అయింది. ఎరువుల దుకాణం ముక్క అయింది. పైమూలన ఉన్న తెల్లముక్క దగ్గర ఆగి ఎస్సై వైపు చూశాను.

“చదవండి,” అని గద్దించాడు ఎస్సై.

“‘పోలీసు వారి ఉచిత వైద్య శి’... మీ బ్యానరే సార్. మీ గేటుకు కట్టింది.”

“అవ్ సారూ,” అని హేమ్లి అందుకుంది. “అన్నిట్ల గదే మంచి గుడ్డ. మెత్తగున్నదని పోరని తలకాడికి ఏసిన. పగటిపూట నేను గేటు కాడ దోటి పెట్టి కోస్తుంటే మీ సెంట్రీ కుర్చీల నిద్రపోతుండె. పాపం, లేపుడెందుకని జల్దీ వచ్చేసిన.”

కానిస్టేబుల్ కలం ఆగిపోయింది. అడవికంతా కాపలా కాసే క్యాంపు గేటును యాభై దాటిన ఆడమనిషి పట్టపగలు దోచుకుపోయిందని రాస్తే, పై ఆఫీసరు ఏమంటాడో ఎస్సై ముఖంలోనే కనబడింది. కాగితం పరపరా చించేశాడు. భీమ్లాను వదిలాడు.

“బొంత మాత్రం ఇక్కడే ఉంటుంది,” అన్నాడు.

“అది పోరనిది సారూ.”

“పోతావా, వాణ్ని మళ్లీ లోపలెయ్యనా?”

హేమ్లి బొంతను ఒక్కసారి తడిమి, కొడుకు చెయ్యి పట్టుకుని బయటికి వచ్చింది. దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది. కోపంతో నాకూ ఏడుపొచ్చింది.

మూడో రోజున మనవడు పుట్టాడు. హేమ్లి తన తలమీది పాత గుడ్డను నాలుగు మడతలు వేసి చుట్టింది, రాత్రిళ్లు పొట్టకు కరుచుకుని పడుకుంది. వాడు బతికాడు.

నెల దాటాక పోలియో చుక్కలకు వాణ్ని ఎత్తుకుని క్యాంపు ముందు నుంచి వెళ్తున్నాం. ఎస్సై ఎండలో కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నాడు. ఇనుప కుర్చీ చల్లగా తగులుతుందేమో, కింద మడతపెట్టిన మా బొంత! నాకు ఒళ్లు మండిపోయింది. హేమ్లి ఆగి చూసింది. మనవడి తడిసిన లంగోటీ మార్చింది.

“పోనియ్ టీచరమ్మా,” అంది, గేటు దాకా వినబడేట్టు. “ముడ్డి కిందికే గద కుట్టింది. నా పోరడైతే రెండేండ్లకు బుద్ధొచ్చి లేస్తుండె.”