మల్లమ్మ శోకానికి డీజే దరువు

దిల్‌సుఖ్‌నగర్‌లో మా చీరల షాపు షట్టర్ లేవగానే ముందు వినపడేది దేవుడి పాట. అదీ అగరుబత్తి సగం కాలేవరకే. ఆ తర్వాత మొదలవుతుంది అసలు శిక్ష. పాటలు మోగకపోతే గిరాకీ లోపలికి రాదని మా ఓనరు సాంబమూర్తి గారి నమ్మకం.

నాకు సినిమాలంటే పడక కాదు. రేపల్లెలో మా అమ్మ నన్ను చంకనేసుకుని నేల టిక్కెట్టుకి వెళ్ళేది. ఒళ్ళో జంతికల పొట్లం, ముక్కు చీదుకోవడానికి పాత గుడ్డ ముక్క. ఏడుపు సీను వస్తే హాలు మొత్తం ఏడ్చేది. ఇప్పుడు ఏడుపు సీను వస్తే ఫోన్లు తీసి చూసుకుంటున్నారు. పాటల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆడదాన్ని సీసా అంటాడు, బిర్యానీ అంటాడు, బండి అంటాడు. మనిషి అనడానికి మాత్రం వాడికి నోరు రాదు. హీరో వీధినిండా జనాన్ని నరికి, ఆ నెత్తుటి చేత్తోనే సిగరెట్ వెలిగిస్తే ఈలలు. ఛీ, చూసి ఇంటికొచ్చాక అన్నం సహించదు నాకు.

క్యాష్ కౌంటర్ పైన టీవీ ఉంది. అందులో వార్తలట. నలుగురు నాలుగు గళ్ళలో కూర్చుని ఒకేసారి అరుస్తారు. కింద అక్షరాల్లో, హీరోయిన్ ఎయిర్‌పోర్టుకి ఏ చెప్పులేసుకుని వచ్చిందో ఆ ముచ్చట పరుగులు పెడుతుంటుంది. ఎక్కడో బస్సు బోల్తాపడితే, దవాఖాన గుమ్మంలో కొడుకు కోసం గుండెలు బాదుకుంటున్న తల్లి నోటి ముందు మైకు పెట్టి, ‘మీకు ఎలా అనిపిస్తోందమ్మా’ అని అడుగుతారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడే నయం. వాడు కనీసం వీడియో తీయలేదు.

నేను ఇలా తిడుతుంటే పక్కన కూర్చుని చీరలు మడిచే మల్లమ్మక్క నవ్వేది. “ఊకో అమ్మాజీ, గాళ్ళ దుకాణం గాళ్ళది, మన దుకాణం మనది,” అనేది. ఆ దుకాణం మా దుకాణంలోకి కూడా వస్తుందని అప్పటికి మా ఇద్దరికీ తెలియదు.

మల్లమ్మక్కది పోచంపల్లి దగ్గర పల్లె. చేనేత కుటుంబం. మొగుడు సిద్ధిరాములు మగ్గం మీద, ఆమె పక్కన నూలు పని మీద, ఇద్దరూ జీవితంలో సగం అలాగే గడిపారు. మగ్గం తిండి పెట్టడం మానేశాక మన్సూరాబాద్ వచ్చి ఒకటిన్నర గది కిరాయికి తీసుకున్నారు. పిల్లల్లేరు. ఆయన వనస్థలిపురంలో మా అపార్ట్‌మెంట్‌కే వాచ్‌మన్‌గా కుదిరాడు. మా షాపులో పని ఉందని ఆమెకు చెప్పింది నేనే. గిరాకీ వచ్చి పరుపు మీద గుట్టగా చీరలు విప్పించుకుని, ‘మళ్ళీ వస్తాం’ అని లేచిపోతే, వాటన్నిటినీ మడిచే పని ఆమెది. విసుక్కోగా నేను చూడలేదు. ఆమె బదులు కూడా నేనే విసుక్కునేదాన్ని.

ఆమెకు ఇంకొక విద్య ఉంది. శోకం. వాళ్ళ వైపు చావింట్లో ఆడవాళ్ళు ఊరికే ఏడవరు, రాగం తీసి పోయినవాళ్ళ బతుకంతా చెబుతూ ఏడుస్తారు. అందులో మల్లమ్మక్క తర్వాతే ఎవరైనా. ఊళ్ళో ఎవరు పోయినా కబురొచ్చేది, బస్సెక్కి పోయేది. మా వైపూ ఏడుస్తాం గానీ ఇలా కాదు. మా షాపులో చీరలకు ఫాల్ కుట్టే గోపయ్య పోయినప్పుడు మలక్‌పేటలో వాళ్ళింట్లో మొదటిసారి విన్నాను. శవం కాళ్ళ దగ్గర కూర్చుని, “మంది చీరలకు అంచులు కుడితివి గోపన్నా, నీ పెండ్లాం చీర చినిగితే సూది పట్టకపోతివీ” అని ఎత్తుకుంది. నేను హడలిపోయాను, చచ్చినవాణ్ణి తిడుతుందేమిటని. గోపయ్య పెళ్ళాం మాత్రం ఏడుస్తూనే తలూపింది, ఏడుస్తూనే కొంచెం నవ్వింది. తర్వాత మల్లమ్మక్క గోపయ్య చేసిన మంచి కూడా చెప్పింది. ఉన్నదున్నట్టు చెప్పడమే ఆ శోకం. అది పూర్తయ్యేసరికి నాతో ఎప్పుడూ సరిగ్గా మాట్లాడని ఆ గోపయ్య నాకూ అయినవాడయ్యాడు.

పోయినేడు ఆమె తమ్ముడు తిరుపతి పోయాడు. ఆటో నడిపేవాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో గిరాకీని దించి, స్టీరింగ్ మీద తల వాల్చి, మళ్ళీ ఎత్తలేదు. ఆ రోజు మల్లమ్మక్క ఏడ్చిన ఏడుపు నేను చచ్చేదాకా మర్చిపోను. “అందర్ని ఇండ్లకాడ దించితివి తమ్ముడా, నువ్వేడ దిగిపోతివిరా” అంటుంటే, ఆటోవాళ్ళంతా గోడకి ఒరిగి భోరుమన్నారు.

ఆ గుంపులో ఒకడు మెడలో కార్డు వేలాడేసుకుని ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. ఏదో యూట్యూబ్ ఛానెలట. సాయంత్రానికల్లా ‘ఈ అక్క ఏడుపు చూస్తే రాయి కూడా కరుగుతుంది’ అని పేరు పెట్టి వదిలాడు. రాయి కరగలేదు గానీ జనం ఎగబడ్డారు. ఎవడో దానికి డీజే దరువు కలిపాడు. జీతం అయిపోయిందని ఒకడు, క్రికెట్‌లో ఓడిపోయారని ఒకడు, ప్రియురాలు వదిలేసిందని ఇంకొకడు, అందరూ ఆ గొంతు మీద పెదాలాడిస్తూ రీల్స్ చేశారు. నేను ఫోన్‌లో చూసి గబుక్కున మూసేశాను. మల్లమ్మక్కకు చెప్పలేదు. ఆమెది నొక్కుడు ఫోన్, తెలియకుండానే పోతుందనుకున్నాను.

పెళ్ళిళ్ళ రోజుల్లో ఒక సాయంత్రం మా షాపు ముందు నుంచి బరాత్ పోతోంది. లారీ మీద డీజే పెట్టెలు. షాపు అద్దాలు వణుకుతున్నాయి. ఉన్నట్టుండి ఆ మోతలోంచి, “అందర్ని ఇండ్లకాడ దించితివీ, దించితివీ, దించితివీ” అని వచ్చింది. పెళ్ళికొడుకు దోస్తులు కళ్ళు తుడుచుకుంటున్నట్టు రెండు చేతులూ తిప్పుతూ దరువుకు ఎగురుతున్నారు. పెళ్ళికొడుకు గుర్రం మీంచి నవ్వుతున్నాడు.

మల్లమ్మక్క చేతిలో చీర సగం మడత మీద ఆగిపోయింది.

“అమ్మాజీ, గది నా గొంతే గదా?”

చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరిగెత్తి, లారీ మీద డీజే వాడి కాలు పట్టుకుని లాగాను. “ఆపరా, అది చావింటి ఏడుపురా!” అని అరిచాను. వాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కిందికి వంగాడు. “ఏ పాట కావాల్నాంటీ?” అన్నాడు.

ఆ తర్వాత రోత ఇంకా పెరిగింది. వీడియోలో మనిషి మా షాపులోనే ఉందని ఎవరో పసిగట్టారు. సాంబమూర్తి గారు ఆమె చాపను వెనకనుంచి తీయించి గుమ్మం పక్కన వేయించారు. “మన షాపుకి సెలబ్రిటీ దొరికిందండీ,” అని గిరాకీకి చూపించేవారు. నేను గొడవపడితే, “నువ్వెందుకమ్మాజీ కుళ్ళుకుంటావు?” అన్నారు. చీర కొనడానికొచ్చిన తేజస్విని అనే పిల్ల, చదువుకున్నదే, చక్కగా మెడ చుట్టూ చెయ్యేసి, “ఆంటీ, ఒక్కసారి ఏడవరా ప్లీజ్, చిన్న రీల్,” అంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన చూసినట్టయింది నాకు.

ఆపైన గంగాధరరావు అని ఒకాయన కారు దిగాడు. సినిమాకి సంగీతం చేసేవాళ్ళ దగ్గర పనట. మర్యాదస్తుడే. స్టూల్ వేయించుకుని కూర్చున్నాడు.

“అమ్మా, పెద్ద సినిమా. ఐటమ్ సాంగ్ మొదట్లో మీ గొంతు పెడదామనుకుంటున్నాం. అదే ఏడుపు, కొంచెం స్పీడుగా. ఒకసారి ఇక్కడ వినిపిస్తారా?”

మల్లమ్మక్క కంగారుగా చూసింది. “ఎవలు సచ్చిండ్రు సారూ?”

“అయ్యో, ఎవరూ చావలేదమ్మా. ఊరికే.”

“ఊకెనే ఎట్లేడుస్తరు?”

ఆయన నవ్వి, బాగా డబ్బిస్తామన్నాడు. ఆమె చీర తీసి మడవడం మొదలుపెట్టింది. ఆయన తన కార్డు మాకిచ్చి పోయాడు. నేను దాన్ని చెత్తబుట్టలో వేశాను.

ఆ రోజునుంచి మల్లమ్మక్క శోకం పెట్టడం మానేసింది. వాళ్ళ ఇంటి ఓనరు కౌసల్యమ్మ అత్తగారు పోతే వెళ్ళి నోరు మూసుకుని కూర్చుని వచ్చింది. ఊళ్ళోంచి కబుర్లొస్తే, పానం బాగలేదని చెప్పించేది.

అంతలో సిద్ధిరాములుకు కిడ్నీలు పాడయ్యాయి. దవాఖానలో కొన్నాళ్ళుంచి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఒక ఆదివారం నేను ఇడ్లీ డబ్బా పట్టుకుని మన్సూరాబాద్ వెళ్ళేసరికి ఆయన గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

“మల్లా, నేను పోయినంక ఏమని ఏడుస్తవే?” అన్నాడు.

“ఏం మాటలయ్యా గవి? ముందుగాల ఇడ్లి తిను.”

“చెప్పరాదే. గోపన్నకు చెప్పినవ్, నీ తమ్మునికి చెప్పినవ్. నాకేం చెప్తవ్?”

“నేనిగ ఎవలికీ చెప్ప. నా ఏడుపు మీద మంది ఎగురుతున్నరు. నీ పీనుగు మీద ఎగుర్తె నేను సూడాల్నా?”

ఆయన గోడవైపు తిరిగి, “పిల్లల్లేకపోయిరి. మగ్గం పాయె. నేను నేసిన చీరలు ఎవలు కట్టుకున్నరో ఎర్క లేదు. నా గురించి నాలుగు మాటలు చెప్పేటిది నువ్వొక్కదానివే. గవి గూడ లేకుంట పంపుతవా నన్ను?” అన్నాడు.

మల్లమ్మక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెనకే నేనూ వెళ్ళాను.

“ఎట్ల జెయ్యాలె అమ్మాజీ? నోరు తెరుస్తె గా డీజే ఇనొస్తది నాకు.”

ఆ దరువు కలిపినవాడెవడో దొరికితే చెప్పు తెగేదాకా కొడదామని ఉంది నాకు. వాడు దొరకడు. వాడికి పేరుండదు, ముఖముండదు, లైకులుంటాయి.

లోపలినుంచి ఆయనే పిలిచాడు. “ఇప్పుడే చెప్పు మల్లా. నేనే ఇంట.”

“బతికున్న మనిషికి శోకం పెడ్తె అరిష్టమయ్యా!”

“డాక్టర్లే ఇంటికి తోలిండ్రు. ఇంక కొత్తగ ఏం అరిష్టమొస్తది?”

ఆమె చాలాసేపు గుమ్మం పట్టుకుని నిలబడింది. తర్వాత కిటికీ మూసింది. తన ఫోను, ఆయన ఫోను, నా ఫోను తీసుకుని బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది. నన్ను తలుపు దగ్గర కూర్చోబెట్టి, ఎవరొచ్చినా రానివ్వద్దంది. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, కొంగు నెత్తిమీదికి లాక్కుంది. మొదట గొంతు రాలేదు. రెండుసార్లు ఎత్తుకుని ఆపేసింది. మూడోసారి వచ్చింది.

ఆమె ఏం చెప్పిందో ఇక్కడ రాయను. రాస్తే నాకూ ఆ కార్డు మెడలో వేసుకున్నవాడికీ తేడా ఏముంటుంది? మధ్యలో ఒకచోట ఆయన, “గది నా తప్పు గాదు, గా పొద్దు నువ్వే కొట్లాడినవ్,” అని అడ్డం తగిలాడు. ఆమె, “నడుమ మాట్లాడకు, సచ్చినోడు మాట్లాడ్తడా?” అని కసిరింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను, నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నాకే తెలియలేదు. అయిపోయాక ఆయన ముఖం తేటగా ఉంది.

“మంచిగ చెప్పినవే,” అన్నాడు. ఇడ్లీ అడిగి తిన్నాడు.

ఆ వారం దాటకుండానే పోయాడు.

గల్లీలో షామియానా వేశారు. మల్లమ్మ మొగుడు పోయాడని ఎలా తెలిసిందో గానీ, కర్రలకు ఫోన్లు తగిలించుకుని మనుషులు దిగారు. పాడె కట్టేవాళ్ళకు దారి లేదు. ఊరినుంచి వచ్చిన ఆడవాళ్ళు తలా ఒకసారి శోకం ఎత్తుకుని మల్లమ్మక్క వంక చూశారు. ఆమె మొగుడి పాదాల మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నోరు మాత్రం తెరవలేదు.

“ఫ్రెండ్స్, వైరల్ మల్లమ్మ ఇంకా షాక్‌లో ఉంది. లైవ్‌లోనే ఉండండి,” అంటున్నాడొకడు, ఆయన ముఖం మీద గుడ్డ సర్దుతున్నవాళ్ళను పక్కకి జరగమని చెయ్యి ఊపుతూ. నేను లేచి ఆ కర్ర పట్టి గుంజాను.

“ఆంటీ, ఇది పబ్లిక్ ప్లేస్,” అన్నాడు.

“చావు కూడానా రా?” అన్నాను. వాడు నన్ను కూడా లైవ్‌లో పెట్టాడు.

వెనక ఎవరో, “మొగుడు సచ్చినా ఏడ్వదేంది? మొన్నటిదంత యాక్టింగేనా?” అనడం నాకు వినబడింది. ఆమెకూ వినబడే ఉంటుంది.

పాడె లేచింది. డప్పు మొదలైంది. మల్లమ్మక్క కొంగు సర్దుకుని నిలబడింది. తిరుపతి చావులో వీడియో తీసినవాడే, మెడలో అదే కార్డు, జనాన్ని తోసుకుని వచ్చి ఆమె నోటి ముందు మైకు పెట్టాడు.

“అమ్మా, మీవారి గురించి రెండు మాటలు చెప్పండి.”

ఆమె వాడి ముఖంలోకి సూటిగా చూసింది.

“చెప్పిన. ఆయనకే చెప్పిన. ఇన్నడు.”

మైకు పక్కకు నెట్టి పాడె వెనక నడిచింది. వాడు ఫోన్ వంక చూసుకుని, మళ్ళీ ఆమె వెంటపడి పరిగెత్తాడు.

“అమ్మా, ఇంకొక్కసారి, కొంచెం గట్టిగా! డప్పులో రికార్డ్ కాలేదు.”