నాన్న చెక్ ట్రే, మా ఆదివారం భోజనం

ఆదివారం. చర్చి నుంచి వచ్చి బట్టలు ఆరేశాను. బియ్యం డబ్బా నింపాను. చేపల పులుసు చేశాను. మా ఆయన తిని షాపుకు వెళ్లారు. గిన్నెలు కడిగి బోర్లించాను. ఇక ఇంట్లో చప్పుడే లేదు...

మా చిన్నప్పుడు... ఇందుకూరుపేట దగ్గర మాకు రొయ్యల గుంటలుండేవి. మేత చల్లాక ఒక వల తట్టను నీళ్లలోకి దించి, కాసేపాగి పైకెత్తి, రొయ్యలు ఎంత తిన్నాయో చూస్తారు. దాన్ని చెక్ ట్రే అంటారు. ఆ తట్ట మీద నాన్న తప్ప ఇంకొకరు చెయ్యి వేయకూడదు.

పనికి యేసురత్నం అన్న ఉండేవాడు. మేత మూటలు మోసేది అతనే, గట్టు చూసేదీ అతనే. తట్ట మాత్రం నాన్నదే. అందుకే ఆదివారం కూడా నాన్న భోజనానికి వచ్చేవాడు కాదు. అమ్మ ఆయన కంచం పెట్టేది... చూసి చూసి మళ్లీ లోపల పెట్టేసేది. క్యారియర్ నేను గట్టు మీదికి తీసుకెళ్లేదాన్ని.

ఒకసారి నా పుట్టినరోజు ఆదివారం వచ్చింది. "ఈ ఒక్క రోజు మాతో తిను నాన్నా" అని ఎన్ని రోజులు వెంటపడ్డానో...

అమ్మ కూడా ఊరుకోలేదు. "ఏందయ్యా, పిల్ల అంతగా అడగతా ఉంటే! రత్నం ఉండాడు గదా. ఆ తట్ట ఎత్తేదానికి వాడికి చేతుల్లేవా?"

నాన్న వచ్చాడు. నా పక్కనే కూర్చున్నాడు. నా చేప ముక్కకు ముల్లు తీసి పెట్టాడు. నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, లేచాడు. "ఒక్కసారి చూసొస్తా. రత్నానికి తట్ట పని కొత్త గదా. నా కంచం తియ్యబాకండి."

ఎంతసేపటికీ రాలేదు. కంచం మీద మూత పెట్టి, గట్టు మీదికి పరిగెత్తాను. తట్ట నాన్న చేతిలోనే ఉంది. యేసురత్నం అన్న పక్కన నిలబడి నవ్వుతున్నాడు.

"ఇప్పుడే గదన్నా నేను చూసి దించింది! మళ్లీ నువ్వు ఎత్తితివి. ఇద్దరం మార్చి మార్చి ఎత్తతా ఉంటే, పాపం రొయ్యలు ఎప్పుడు తినేదన్నా?"

నాన్న కూడా నవ్వాడు. తట్ట మాత్రం ఇవ్వలేదు. "నువ్వు ఇంటికి పో తల్లీ, వస్తా ఉండా" అన్నాడు. సాయంత్రం అమ్మ ఆ కంచం కడిగేసింది.

ఆ పంట అయిపోగానే యేసురత్నం అన్న వేరేవాళ్ల గుంటలకు వెళ్లిపోయాడు. నాన్న ఇక ఎవరికీ తట్ట అప్పగించలేదు. ఆయన పోయి కూడా చాలా ఏళ్లయింది...

మా ఆయనకు గూడూరులో హార్డ్‌వేర్ షాపు. మధ్యాహ్నం కౌంటర్ పనివాళ్లకు అప్పగించి ఇంటికి వస్తారు. కంచం పక్కన ఫోన్ నిలబెడతారు. అందులో షాపు కెమెరా. "అప్పజెప్పినా గదా" అంటారు... చూపు మాత్రం కౌంటర్ మీదే. పాప హాస్టల్లో ఉంది. ఇంట్లో రెండు కంచాలు, మాట ఒక్కటీ ఉండదు.

ఈరోజు ఎందుకో నాన్న కంచం సంగతి చెప్పాను. మా ఆయన ఫోన్ బోర్లా పెట్టారు. "ఆ పొద్దు ఏం చేప?" అని అడిగారు.

"వంజరం" అన్నాను.

ఇంకో ముక్క అడిగి పెట్టించుకున్నారు. నా వైపు చూస్తూ తిన్నారు. చెయ్యి కడుక్కోగానే మళ్లీ ఫోన్ తీసుకుని వెళ్లిపోయారు.

అప్పుడు నాన్న కోసం గట్టుదాకా పరిగెత్తేదాన్ని... ఇప్పుడు గుంటే కంచం పక్కకు వచ్చి కూర్చుంది. పని అప్పగించి, మనసును మాత్రం అక్కడే వదిలి వచ్చేవాళ్లు మీ ఇంట్లోనూ ఉన్నారా? ఉంటే చెప్పండి, చదువుతూ కూర్చుంటాను.

నాన్న నాకు ఒక ఆదివారం భోజనం బాకీ. మా ఆయన నా వైపు చూస్తూ తిన్న ఆ ముక్కతో ఈరోజు ఆ లెక్క కొట్టేశాను... చెల్లు.