మూడో బల్ల చివరి చోటు

సూపర్‌వైజర్ బాబాయిగారు పోయారని సోమవారం ఉదయం వాచ్‌మన్ ఫోన్ చేశాడు. తెల్లవారకముందే, నిద్రలోనే పోయారట. అప్పుడు నేను ముమ్మిడివరంలో ఆటో ఎక్కుతున్నాను. అందులో ఉన్నవాళ్లంతా మా రొయ్యల షెడ్డులో పనిచేసే ఆడవాళ్లే. సంగతి చెప్పాను. మంగమ్మ నెమ్మదిగా అడిగింది.

"మరి ఆ చోట్లో ఇప్పుడెవరు కూర్చుంటారండీ?"

ఆ చోటు గురించి చెప్పకుండా ఆయన గురించి చెప్పలేను. షెడ్డులో రొయ్యలు ఒలిచే బల్లల్లో మూడోదానికి గోడవైపు చివర అది. అక్కడ కూర్చోబెట్టిన మనిషి నెల తిరక్కుండా నాగాలు మొదలుపెట్టేది. తల బరువుగా ఉంటోందనేది. వెనక ఎవరో నిలబడినట్టుందనేది. వెనక గోడ తప్ప ఏమీ లేదు.

నేను మనుషుల చేత పని చేయించే చదువు చదివి కొత్తగా చేరాను. నాకన్నీ తెలుసనుకునే రోజులవి. అక్కడ కూర్చుని నాగాలు పెట్టిన ముగ్గురినీ బద్ధకస్తులని తేల్చేసి, పనిలోంచి తీసెయ్యడానికి కాగితం తయారుచేశాను. వాళ్లలో మంగమ్మ ఒకతె. గల్ఫ్ వెళ్లిన మొగుడి దగ్గర్నుంచి ఏళ్లుగా కబురు లేదు, ఇద్దరు ఆడపిల్లలు. అదంతా తెలిసే సంతకం పెట్టబోయాను. బాబాయిగారు కాగితం అడిగి తీసుకుని, రెండుసార్లు చదివారు.

"మీరనుకున్నదే నిజమేమోనండీ. కానీ అనుకోడం వేరు, చూడ్డం వేరు కదండీ. రెణ్ణెల్లు ఆగుదామండీ," అన్నారు.

ఆయన దగ్గర అట్ట వేసిన పొడుగు నోటుబుక్కు ఒకటి ఉండేది. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఏమన్నారు అన్నీ అందులోనే. కళ్లతో చూడనిది రాసేవారు కాదు. ఫలానామెకి జ్వరమని కబురొస్తే సైకిలేసుకుని వెళ్లి చూసొచ్చి రాసేవారు. వర్షం పడుతోందన్నా తల బయటపెట్టి చూసేవారని మేం ఆటపట్టించేవాళ్లం. "ఆయ్, చూస్తే తప్పేంటండీ," అని నవ్వేవారు. జేబులో పెన్ను కారి చొక్కా మీద ఎప్పుడూ ఒక నీలి మరక.

ఆ రెండు నెలల్లో ముగ్గురినీ వేరే బల్లలకు మార్చారు. ఒక్క నాగా ఎరగని వాళ్లను ఒకరి తర్వాత ఒకరిని ఆ చివరి చోట కూర్చోబెట్టారు. మంగమ్మా మిగతా ఇద్దరూ రోజూ వచ్చారు. నాగా ఎరగనివాళ్లు మానడం మొదలుపెట్టారు. నా కాగితం నేనే చింపేశాను. ఆ రోజు నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ గుర్తే.

తర్వాత కారణం వెతికారు. ఫ్యాను తీయించారు, లైటు మార్పించారు, ఐసు తొట్టి జరిపించారు, గోడకు సున్నం వేయించారు. ఒక్కోసారి ఒక్కటే. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదనేవారు. ఏదీ పనిచెయ్యలేదు. కారణం దగ్గర ఏం రాస్తారని అడిగితే, నా ముందే 'తెలియదు' అని రాశారు.

"తెలియదని రాయడానికి సిగ్గెందుకండీ? తెలియకుండా మనిషిని తీసేస్తే సిగ్గుపడాలి గానండీ."

మర్నాడు తన స్టూలు తెచ్చుకుని తనే అక్కడ కూర్చున్నారు. వద్దని ఆడవాళ్లు బతిమాలారు. "నా మీదా చూడాలి కదండీ," అన్నారు. నేను నవ్వాను. వద్దని ఎందుకు అనలేదా అని ఇప్పుడు బాధపడుతున్నాను. రోజూ తన పేరు ఎదురుగా 'వచ్చేను' అని రాసుకునేవారు. ఒక్క నాగా లేదు. ఒకసారి మాత్రం, రాస్తూ రాస్తూ, తలెత్తకుండానే స్టూలు కాస్త పక్కకు జరిపారు, బస్సులో పక్కవాళ్లకు చోటిచ్చినట్టు. ఎవరికి బాబాయిగారూ అన్నాను.

"ఇంకా చూళ్లేదండీ. చూస్తే రాస్తాను."

ఆయన పోయిన వారానికి, సీజను కదా, ఆ చోట మనిషిని పెట్టమన్నారు యజమాని. బాబాయిగారి నోటుబుక్కు తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. ఆయన పేజీలన్నీ తిప్పి చూశారు. సరే, ఖాళీగా ఉంచండి అన్నారు. ఇక ఎవరి పనీ పోదు. బయటికొచ్చి చివరి పేజీ తెరిచాను.

బాబాయిగారు పోయిన సోమవారం తేదీ వేసి ఉంది. దాని ఎదురుగా, ఆయన చేతి రాతలో, 'వచ్చేను'.

అంతకుముందు శనివారం సాయంత్రం బాబాయిగారు నోటుబుక్కును ఆ స్టూలు మీదే పెట్టి ఇంటికెళ్లారు. ఆదివారం షెడ్డుకు తాళం. సోమవారం నేను షెడ్డుకు చేరాకే తాళం తీశాడట, వాచ్‌మన్ ఒట్టేసి చెప్పాడు. ముందే రాసిపెట్టుకున్నారనుకుందామంటే, చూడనిది రాసే మనిషి కాదాయన. సిరా కారి, ఆ మాట పక్కన నీలి మరక.

చాలాసేపు చూసి, దాని కింద 'తెలియదు' అని రాశాను.

ఆ స్టూలును ఎవరూ తియ్యలేదు. తట్టలతో అటు వెళ్లే ఆడవాళ్లు అక్కడికి రాగానే ఒక అడుగు పక్కకు జరిగి నడుస్తారు. హాజరు చూసుకుంటూ వెళ్లేటప్పుడు నేనూ అంతే.